మూడో నంబరు బట్టీ

ఇద్దరిలో ఒకరు నాతో అబద్ధమాడుతున్నారు. ఒకరు వీరరాఘవులు బాబాయి, నన్ను చదివించి పెద్ద చేసిన మనిషి. రెండోవాడు భీమశంకరం, నా నోట్లో మట్టి కొట్టడానికే పుట్టాడని నేను గట్టిగా నమ్మే మనిషి. అబద్ధం ఎవరిదో తేల్చుకోవడానికి నాకు క్షణం పట్టలేదు. ఆ తొందరే కొంప ముంచబోయింది.

సంగతి ఇది. సాత్విక అనే విజయవాడ పిల్ల ఢిల్లీ వసంత్ కుంజ్‌లో గది తీసుకుని ఆర్కిటెక్చర్‌లో పై చదువు చదువుతోంది. గురుగ్రామ్ శివార్లలో ఎప్పుడో మూతపడిన గౌతమీ టైల్ వర్క్స్‌లో పెంకులు కాల్చే పాత బట్టీలు మూడుండేవి. వాటిని కూల్చకూడదని ఆ పిల్ల కోర్టుకెక్కింది. వాదనలు నడుస్తుండగానే రెండింటిని నేలమట్టం చేశారు. మూడో దాని మీద ఉన్న స్టేని గురువారం ఎత్తేశారు. శుక్రవారం మధ్యాహ్నం ‘కనీసం కొలతలైనా మిగలాలి’ అని టేపు పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళింది. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు, ఫోను మోగలేదు. పోలీసులు కాగితం రాసుకుని, కేసు ఓడిపోయిన బాధలో ఏ స్నేహితురాలి దగ్గరికో పోయుంటుందన్నారు.

శనివారం వాళ్ళమ్మ ఉష విమానం దిగి సూట్‌కేసుతో సహా సాకేత్‌లోని నా ఆఫీసుకొచ్చింది. “ఆ ఫ్యాక్టరీలో ఉండే పెద్దాయన ఫోన్లో మీ పేరు చెప్పారు. మా కావేరి ఉంది, డిటెక్టివ్, ఎక్కడున్నా వెతికిపెడుతుంది అన్నారు,” అంది. ఆ పెద్దాయనే మా బాబాయి. నా గురించి అంత గొప్పగా చెప్పినందుకు లోపల్లోపల మురిసిపోయాను కూడా.

ఇవాళ ఆదివారం. మధ్యాహ్నం భోజనాలు కాగానే పొగగొట్టాన్ని లాగి మూడో నంబరు బట్టీ మీద పడేస్తారు. ఆ పిల్ల ఆఖరిసారి కాలుపెట్టిన చోటు అదే. అది కూలిపోతే నాకు దొరకాల్సిన ఆనవాళ్ళు కూడా పెంకుల కుప్పలో కలిసిపోతాయి.

అందుకే పొద్దున్నే బాబాయి గదికి వెళ్ళాను. ఫ్యాక్టరీ పోయినా, యజమాని కొడుకులు స్థలాన్ని బిల్డరుకి అమ్మేసుకున్నా ఆయన తన క్వార్టరు ఖాళీ చేయలేదు. బట్టీల పరిరక్షణ సమితికి కార్యదర్శి ఆయనే. టీవీ వాళ్ళు వస్తే వాళ్ళ ముందు కంటతడి పెట్టేదీ ఆయనే.

“శుక్రవారం ఏం జరిగిందో ఇంకొక్కసారి చెప్పు బాబాయ్.”

“ఎన్నిసార్లు చెప్పమంటావమ్మాయ్? మజ్జానం వచ్చింది. బట్టీలోకి దూరింది. దీపాలెట్టే వేళకి బయటికొచ్చి టీ తాగింది. గేటు దాకా ఎళ్ళి నేనే ఆటో ఎక్కించాను.”

“ఆటో నంబరు చూశావా?”

“నా కళ్ళకి మనిషి ఆనితే గొప్ప. నంబరొకటా.”

“ఏమైనా అందా ఎక్కేటప్పుడు?”

“మనసేం బాలేదు తాతయ్యా, ఎక్కడికైనా పోవాలనుంది అంది. నాకేం తెలుసు, నిజంగా పోద్దని.” కండువాతో మొహం తుడుచుకున్నాడు.

ఆ తుడుచుకోవడంలో చేతులు కనబడ్డాయి. వేళ్ళ కణుపులన్నీ ఒరుసుకుపోయి ఉన్నాయి. గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి.

“ఏంటీ చేతులు?”

“తులసికోట ఇటుకలూడిపోతే పేర్చి మట్టి మెత్తాను. ముసలి చేతులు కదా, పని మర్చిపోయినయ్.”

డెబ్బై దాటిన మనిషి, రేపో మాపో కూలిపోయే ఇంట్లో తులసికోట బాగుచేసుకుంటున్నాడని జాలేసింది. బ్యాగులోంచి క్రీము తీసి ఆ వేళ్ళకి నేనే రాశాను. ఆయన కాదనలేదు, తల వంచుకుని కూర్చున్నాడు. కిటికీలో మాత్రల అట్ట ఒకటి సగం ఖాళీగా కనబడితే ఏమిటని అడిగాను.

“నిద్ర మాత్రలు. నాకు నిద్ర పట్టక ముప్పై ఏళ్ళవుతోందిలే. నువ్వు నా సంగతొదిలేసి ఆ భీమశంకరం మనుషుల్ని గట్టిగా అడుగు. బిల్డరు తల్చుకుంటే ఏదైనా చేయిస్తాడు.” గుమ్మం దాకా వచ్చి మళ్ళీ పిలిచాడు. “అమ్మాయ్, మూడో నంబరు దగ్గరికి మాత్రం ఎళ్ళమాక. పొగగొట్టానికి కింద కోతెట్టేశారు. ఎప్పుడు కూలుద్దో తెలీదు.”

నన్ను గురించి అలా బెంగపడే మనిషి భూమ్మీద ఆయనొక్కడే మిగిలాడు. నేను పుట్టింది ఈ ఫ్యాక్టరీ క్వార్టర్లలోనే. అప్పట్లో యజమాని గోదావరి వైపు పెంకుల ఫ్యాక్టరీల నుంచి పనివాళ్ళని కుటుంబాలతో సహా రప్పించాడు. మా నాన్న శ్రీరాములు బట్టీకి మంట పెట్టే మేస్త్రీ; బాబాయి ఆయన పక్కన పనిచేసే స్నేహితుడు. నాన్నని హెడ్ మేస్త్రీని చేసిన నెలలోనే, నాకు పదకొండేళ్ళప్పుడు, ఎవరో ఆడమనిషితో బొంబాయి వెళ్ళిపోయాడు. ‘వద్దురా అని కాళ్ళు పట్టుకున్నాను, వినలేదు. చివరికి స్టేషనుకెళ్ళి నేనే రైలెక్కించాను’ అని బాబాయి మా అమ్మ ముందు కూలబడి ఏడవడం నాకింకా గుర్తే. హెడ్ మేస్త్రీ పని బాబాయికొచ్చింది. మా ఇంటి బాధ్యత కూడా ఆయనే నెత్తినేసుకున్నాడు. మా అమ్మ సీతారత్నం పోయేదాకా బొట్టు తీయలేదు, నాన్నని తిట్టడమూ మానలేదు. నేనూ తక్కువేం తిట్టలేదు. ఇంట్లోంచి పారిపోయిన మొగుళ్ళని వెతికే కేసులంటే నాకున్న కసి చూసి, మొదట్లో నేను పనిచేసిన డిటెక్టివ్ ఆఫీసులో అందరూ నవ్వేవాళ్ళు.

ఆ ఆఫీసులోనే భీమశంకరం నా పక్క కుర్చీలో ఉండేవాడు. ఇన్సూరెన్స్ క్లెయిముల్లో దొంగల్ని పట్టడం, తప్పిపోయినవాళ్ళని వెతకడం మా ఉద్యోగం. తర్వాత నేను సొంతంగా చిన్న గది పెట్టుకున్నాను. వాడు గురుగ్రామ్‌లో అద్దాల ఆఫీసు పెట్టి బిల్డర్లకి సెక్యూరిటీ సప్లై చేస్తూ, సాయంత్రాలు డిటెక్టివ్ అని చెప్పుకుంటున్నాడు. ఈ స్థలానికి కాపలా వాడిదే.

గేటు దగ్గర గార్డులు, బాబాయి మనిషినని నన్ను వదిలారు గాని, నాతో వచ్చిన ఉషను లోపలికి రానివ్వలేదు. రోడ్డు మీదే, కూతురి దుపట్టా ఒకటి చేతికి చుట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ మొహం చూడలేక నేరుగా సెక్యూరిటీ క్యాబిన్‌లోకి పోయాను.

“రండి మేడమ్,” అన్నాడు భీమశంకరం, కుర్చీలోంచి లేవకుండా. “మీ సాకేత్‌లో మాల్స్ మూసేశారా, ఇంత దూరం వచ్చారు?”

“శుక్రవారం గేటు ఫుటేజీ చూపించు.”

“లుక్, కావేరీ, ఇది ప్రైవేట్ ప్రాపర్టీ. వారెంట్ ఉందా?”

“నాకు వారెంట్ ఎవడిస్తాడు? బయట ఆ పిల్ల తల్లి ఉంది. తీసుకొచ్చి నీ ఎదురుగా కూర్చోబెడతాను. ఆవిణ్ణి అడుగు వారెంట్.”

వాడు కిటికీలోంచి బయటికి చూశాడు. స్క్రీను నా వైపు తిప్పాడు.

శుక్రవారం రెండున్నరకి సాత్విక లోపలికొచ్చింది. భుజాన సంచి, చేతిలో నీళ్ళ సీసా, గార్డుకి నమస్తే కూడా చెప్పింది. వాడు ముందుకు నడిపాడు. సాయంత్రమైంది, గార్డులు మారారు, చీకటి పడింది, శనివారం తెల్లవారింది. ఆ పిల్ల బయటికి పోలేదు. బాబాయి గేటు దాకా రానూ లేదు.

“ఇది పోలీసులకిచ్చావా?”

“అడగలేదు.”

“అడక్కపోతే నోరు లేదా నీకు?”

“క్లయింటు పని ఆగకూడదన్నాడు. మా వాళ్ళు శనివారం లోపలంతా వెతికారు, ఎక్కడా లేదు. వెనక ప్రహరీ పడిపోయుంది, అటునుంచి పోయుంటుంది. ఇందులో నేను చేసిన నేరమేంటి?”

“నువ్వు ఫుటేజీ కోశావు,” అన్నాను. “ఆ పిల్లని సాయంత్రం ఈ గేటు దగ్గరే ఆటో ఎక్కించిన మనిషి నాకు తెలుసు. నీ క్లయింటుకి అడ్డొచ్చిన పిల్లని మాయం చేసి, కంప్యూటర్లో గారడీ చేసి నాకు చూపిస్తున్నావు. ఎక్కడ పెట్టార్రా దాన్ని?”

భీమశంకరం మొహం నల్లబడింది. వాడు దొంగ క్లెయిములకి సంతకాలు పెట్టిన రోజుల్లో కూడా నేను వాడిని ‘రా’ అనలేదు.

“ఎక్కించిందెవరు? మీ బాబాయేనా?” అన్నాడు మెల్లగా. “నువ్వు అందర్నీ అనుమానిస్తావు కావేరీ. ఆఫీసులో మన బాస్‌ని అనుమానించావు, ప్యూన్‌ని అనుమానించావు, నా టిఫిన్ డబ్బా తీసి చూశావు. నీ వాళ్ళ దగ్గరికొచ్చేసరికి కళ్ళకి గంతలు కట్టుకుంటావు. ఒక్కటి చెప్పు. ఇవాళ గేటు దాకా నీ కారెందుకు రాలేదు?”

“రోడ్డు తవ్వేశారుగా. మూల మీద ఆపి నడిచొచ్చాం.”

“ఎప్పుడు తవ్వారో కనుక్కున్నావా?”

అంతదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు.

“గురువారం. మీ ఆటో గాల్లో ఎగురుకుంటూ వచ్చిందా?”

కిందికి చూసుకున్నాను. పైపుల కోసం తవ్విన ఆ కందకం మీద వేసిన చెక్క దాటుతూ జారితే అంటుకున్న మట్టి నా చెప్పులకింకా ఉంది. ఉష చెయ్యి పట్టుకుని దాటించింది నేనే. పొద్దున్న ఆ మట్టిలో దిగబడి వచ్చి, ఆటో ఎక్కించానంటే తలూపి కూర్చున్నాను.

ముసలాయన, తికమకపడుంటాడని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మూల దాకా నడిపించి ఎక్కించి ఉంటాడని, అదే గేటు అన్నాడని. కానీ మూల దాకా పోవాలన్నా గేటు దాటాలి, గేటు దాటితే కెమెరాలో పడాలి.

“పద, లోపల వెతకాలి,” అన్నాను.

“పొగగొట్టం లాగే యంత్రం డ్రైవరు భోజనానికి కూర్చున్నాడు. వాడి రొట్టెలయ్యేదాకా టైమిస్తా. తర్వాత నన్నడక్కు.”

క్వార్టర్ల వెనక నుంచి దారి. బాబాయి గది వెనకే తులసికోట ఉంది. దాని ఇటుకలు ఒక పక్కకి ఊడి పడి, సందుల్లో ఎండిపోయిన పాతగడ్డి మొలిచి ఉంది. దాన్ని ఎవరూ పేర్చలేదు, మట్టీ మెత్తలేదు. నేను అక్కడే ఆగిపోయాను. భీమశంకరం రెండడుగులు ముందుకి పోయి వెనక్కి తిరిగాడు.

“ఏమైంది?”

“ఏం లేదు. నడు.”

మూడో నంబరు బట్టీ మా చిన్నప్పుడు మాకు ఆట స్థలం. గుండ్రటి గోడ, పైన గుమ్మటం, పక్కనే పొగగొట్టం. నాన్న వెళ్ళిపోయాక హెడ్ మేస్త్రీ హోదాలో బాబాయి దాన్ని మళ్ళీ వెలిగించనివ్వలేదు. ‘అది శ్రీరాములు బట్టీ, వాడు పోయాక అచ్చిరాదు’ అన్నాడు. స్నేహితుడంటే అంత ప్రేమ అనుకున్నాం అందరం. మొన్న మొన్నటి కోర్టు గొడవలో కూడా, మొదటి రెండూ కూలుస్తుంటే గుడ్లప్పగించి చూసినాయన, ఈ మూడో దాని ముందు మాత్రం అడ్డంగా పడుకున్నాడు.

పొగగొట్టానికి అడుగున నిజంగానే పెద్ద కోత పెట్టి ఉంది. దానికి కట్టిన ఉక్కు తాడు రెండో చివర యంత్రానికి తగిలించి ఉంది. బట్టీకి మనిషి ఎత్తు గుమ్మం ఒకటే. దాన్ని ఇటుకలతో మూసేసి ఉంది.

“ఇది ఎవరు మూశారు?”

“మావాళ్ళే అయుంటుంది, కుక్కలు దూరకుండా.” భీమశంకరం వాకీటాకీలో అడిగాడు. అవతల్నుంచి గార్డు గొంతు వచ్చింది, “నహీ సర్, హమ్‌నే నహీ కియా. శనీచర్ కో దేఖా తో పెహ్లే సే బంద్ థా.”

“మూసుంది కాబట్టి లోపల చూడలేదు,” అన్నాను. “ఎప్పట్నుంచో మూసుందనుకున్నారు.”

గోడ మీద చెయ్యి పెట్టాను. సిమెంటు కాదు, మట్టి. పైపైన ఎండింది. సందులో వేలు గుచ్చితే లోపల ఇంకా తడిగా ఉంది. ఇటుకలు ఈ ఆవరణలో విరగ్గొట్టిన బట్టీలవే. ఎవరో చాలా శ్రద్ధగా వరసలు కలిపారు. తర్వాత నా చెయ్యి ఛాతీ ఎత్తున ఒకచోట ఆగింది. అక్కడ ఒక ఇటుకకి చుట్టూ మట్టి లేదు. కొస బయటికి ఉండేలా, పట్టుకుని లాగితే వచ్చేలా పెట్టారు.

ఆ కొస చుట్టూ వేలు తిప్పి చూశాను.

“ఏంటది?” అన్నాడు భీమశంకరం.

“కన్ను.”

పెంకులు పేర్చాక బట్టీ గుమ్మాన్ని ప్రతిసారీ ఇటుకలతో కట్టేస్తారు, కాలాక పడగొడతారు. కట్టేటప్పుడు ఒక్క ఇటుక మాత్రం వదులుగా పెడతారు. అది తీసి లోపల మంట రంగు చూస్తారు. ఎరుపు నుంచి నారింజకి తిరిగిందా, ఇంకా కట్టెలు వేయాలా, ఆపాలా అన్నది ఆ రంగే చెబుతుంది. మావాళ్ళు దాన్ని కన్ను అంటారు. మామూలు కళ్ళతో ఆ వెలుగు చూడలేరు కాబట్టి నాన్న దగ్గర ఒక నీలం అద్దం ఉండేది. నన్నెత్తుకుని అందులోంచి మంట చూపించేవాడు. ఒకసారి నేను దాన్ని కింద పడేస్తే అంచు పెచ్చు లేచింది. తిట్టకుండా రాగి తీగ చుట్టుకున్నాడు. కన్ను లేకుండా తలుపు కడితే గుడ్డి బట్టీ అని, కట్టిన వాడి ఇంటికి అరిష్టమని మావాళ్ళకి నమ్మకం. మేస్త్రీల చేతులకి అది ఊపిరి తీసినంత అలవాటు.

“కుక్కల కోసం మూసేవాడు కన్ను పెట్టడు,” అన్నాను. నా గొంతు నాకే వేరెవరిదోలా వినబడింది. “బిల్డరు మనిషి అసలే పెట్టడు. కూల్చబోయే బట్టీలో మంట ఎవడు చూస్తాడు? ఇది అలవాటు చొప్పున చెయ్యి చేసిన పని. ఇక్కడ అలాంటి చేతులు రెండే మిగిలాయి. పొద్దున వాటికి నేనే క్రీము రాసొచ్చాను.”

భీమశంకరం ఏదో అనబోయి మానుకున్నాడు. ఆ మర్యాదకి వాడికి నేను జీవితాంతం ఋణపడి ఉంటాను.

ఇటుక పట్టుకుని లాగాను. వచ్చేసింది. లోపల కటిక చీకటి, వెచ్చటి మట్టి వాసన. నోరు ఆనించి పిలిచాను. “సాత్వికా. అమ్మా సాత్వికా.”

జవాబు లేదు. మళ్ళీ పిలిచాను. ఎక్కడో అడుగున పెంకు మీద పెంకు తగిలిన చప్పుడైంది. ఆగి, మళ్ళీ అయింది.

సరిగ్గా అప్పుడే అవతల యంత్రం స్టార్టయింది. ఉక్కు తాడు నేల మీంచి లేచి బిగుసుకోవడం మొదలుపెట్టింది. పొగగొట్టం మీంచి ఇటుక ముక్కలు రాలాయి. భీమశంకరం ఆ వయసులో, ఆ బొజ్జతో అలా పరిగెత్తగలడని నేను అనుకోలేదు. “రోకో, అందర్ లడ్కీ హై,” అని అరుస్తూ తాడుకి అడ్డంగా పోయి యంత్రం ముందు నిలబడ్డాడు. డ్రైవరు ఇంజను ఆపేసి, చేతిలో సగం రొట్టెతో కిందికి దూకాడు.

నేను గోడని గోళ్ళతో పీకాను. ఇద్దరు గార్డులు గునపాలు తెచ్చారు. మనిషి పట్టేంత సందు కాగానే దూరాను. గుమ్మానికి పక్కనే, గోడకి ఆనుకుని పడి ఉంది సాత్విక. పెదాలు పగిలిపోయాయి, చేతిలో పెంకు ముక్క ఉంది. ఊపిరి ఉంది. పక్కన నీళ్ళ సీసా ఖాళీగా దొర్లి ఉంది. కన్ను చుట్టూ మట్టి మెత్తకపోవడం వల్ల వచ్చిన ఆ కాస్త గాలే ఆ పిల్లని నిలబెట్టింది.

బయటికి తెచ్చేసరికి ఉష గేటు దగ్గర గార్డుల్ని తోసుకుని పరిగెత్తుకొచ్చింది. ఏడవలేదు. కూతుర్ని ఒళ్ళో వేసుకుని, దుపట్టా తడిపి పెదాలు తుడుస్తూ, “ఉన్నావే, ఉన్నావే,” అని అదొక్కటే అంటోంది. భీమశంకరం అంబులెన్సుకి, పోలీసులకి ఫోన్లు చేస్తున్నాడు. ఈసారి ఎవరూ అడక్కుండానే ఫుటేజీ సంగతి కూడా చెప్పేశాడు.

రెండు గుక్కలు నీళ్ళు పట్టాక ఆ పిల్ల నన్ను చూసింది.

“తాతయ్య టీ ఇచ్చారు ఆంటీ. తాగాక నిద్రొచ్చేసింది. లేచేసరికి గుమ్మం లేదు. చాలా అరిచాను.”

“తెలుసమ్మా. ఇప్పుడేం మాట్లాడకు.”

“లేదు, చెప్పాలి. లోపల ఇంకో గోడుంది. పొగ వెళ్ళే సొరంగానికి అడ్డంగా. ఒరిజినల్ ప్లాన్‌లో అది లేదు. దానికి కూడా ఒక ఇటుక లూజ్‌గా ఉంది. ఇలాంటిదే. పొగ దారిలో ఇదెందుకు తాతయ్యా అని ఆయన్నే అడిగాను. నాకు తెలీదమ్మా, టీ తాగు అన్నారు.” ఊపిరి తీసుకుంది. “మెలకువొచ్చాక, ఫోన్‌లో చార్జి ఉన్నంతసేపూ ఆ ఇటుక తీసి చూశాను. అటు నుంచి దారి ఉంటుందేమోనని. ఎవరో ఉన్నారు ఆంటీ. చాలా పాతవి. ఎముకలు.”

ఉష కూతురి తలని గుండెకి అదుముకుంది.

“చెయ్యి పెడితే ఇది తగిలింది,” అని సాత్విక సంచిలో వెతికి నా అరచేతిలో పెట్టింది.

నీలం అద్దం. ఒక అంచు పెచ్చు లేచి ఉంది. దాని చుట్టూ రాగి తీగ, పచ్చగా చిలుమెక్కి.

నేను దాన్ని పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మా నాన్న బొంబాయి పోలేదు. ఏ ఆడమనిషితోనూ పోలేదు. మేం ఆడుకునే చోటికి పది గజాల దూరంలో ఉన్నాడు. అమ్మ తిట్టిన తిట్లన్నీ, నేను తిట్టిన తిట్లన్నీ ఇక్కడే ఉన్న మనిషిని తిట్టాం. మమ్మల్ని తిట్టించినవాడు మా ఇంటికి బియ్యం తెచ్చాడు, నా స్కూలు అర్జీల మీద తండ్రి స్థానంలో సంతకం పెట్టాడు. నేనే రైలెక్కించాను అన్నాడు. నేనే ఆటో ఎక్కించాను అన్నాడు. ఆ రెండు మాటలూ ఒకేలా ఉన్నాయని వినడానికి నాకు చెవులు లేకపోయాయి. ఢిల్లీలో ఇంతమంది డిటెక్టివ్‌లుండగా ఉషకి నా పేరే ఎందుకు చెప్పాడో అప్పుడర్థమైంది. తనని అనుమానించని డిటెక్టివ్ నేనొక్కదాన్నే.

తలెత్తితే ఎదురుగా ఉన్నాడు. చప్పుడు విని వచ్చినట్టున్నాడు. పారిపోవడానికి చూడలేదు. విరిగిన పెంకుల కుప్ప మీద కూర్చుని, తెరుచుకున్న బట్టీ గుమ్మాన్ని చూస్తున్నాడు. భీమశంకరం ఆయన వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

నేను లేచి ఆయన ముందుకెళ్ళాను. కొట్టాలనిపించింది. ఆ కాళ్ళ మీదే పడి ఏడవాలనీ అనిపించింది. అద్దం చూపించాను. దాన్ని చూసి కళ్ళు దించుకున్నాడు.

ఎందుకు చంపావని అడగలేదు. హెడ్ మేస్త్రీ పని కోసమే అయుంటుంది, లేకపోతే ఇంకేదైనా. అది పోలీసులు అడుగుతారు. నాకు కావలసింది వేరే.

“రెండు గోడలకీ కన్నెందుకు పెట్టావు బాబాయ్? గుడ్డిగా కట్టేస్తే నీ గుట్టు బయటపడేది కాదు కదా.”

ఆయన వేళ్ళకేసి చూసుకున్నాడు. పొద్దున నేను రాసిన క్రీము ఇంకా కణుపుల మధ్య తెల్లగా ఉంది.

“కన్ను లేకుండా తలుపు కట్టకూడదమ్మాయ్,” అన్నాడు. “నాకు ఆ పని నేర్పింది మీ నాన్నే.”